గిరిజ గదిలో ఫకీరా

మిర్యాలగూడలో ధాన్యం కొట్టు నడిపేవాళ్ల ఇంట పుట్టిన గిరిజ, హైదరాబాదులో మనస్తత్వశాస్త్రం చదివి 1988లో తిరిగొచ్చింది. ఒక డాక్టరు దవాఖాన వెనక గదిలో కౌన్సెలింగ్ మొదలుపెట్టింది. ఊళ్లో అందరూ దాన్ని పిచ్చోళ్ల గది అన్నారు. వచ్చినవాళ్లను ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, టీ తెప్పించి, వాళ్లు నోరు విప్పేదాకా ఊరికే కూర్చునేది. ఏడ్చేవాళ్లను ఏడవొద్దని ఏనాడూ అనలేదు.

1991 వానాకాలంలో వేములపల్లి దగ్గరి తండా నుంచి సుక్కి తన మొగుణ్ని వెంటబెట్టుకొచ్చింది. ఆమె ముందుపళ్లు రెండు విరిగి ఉన్నాయి. విరగ్గొట్టిన ఫకీరా, రైసుమిల్లు హమాలీ, పక్కనే తల వంచుకుని నిలబడ్డాడు. గిరిజ ముందు సుక్కితో విడిగా మాట్లాడి, పెద్దవూరలోని తల్లిగారింటికి పంపే ఏర్పాటు చేసింది. తర్వాత ఫకీరాను కూర్చోబెట్టింది.

"నీ బాధంత వింట ఫకీరా. కానీ ఆమెను కొట్టుడు తప్పు. ఆ మాట మాత్రం మారది" అంది.

మూడు వారాలు అతను గోడనే చూశాడు. నాలుగో వారం బయట రోడ్డు మీద లారీ టైరు పేలింది. మరుక్షణం అతని రెండు చేతులూ గిరిజ గొంతు మీదున్నాయి. ఆమెకు కళ్లు బైర్లు కమ్మాయి. కాంపౌండరు వెంకటేశం పరుగెత్తుకొచ్చి కర్రతో ఫకీరా వీపు చీరేశాడు. ఊపిరి అందగానే ఆమె చేసిన మొదటి పని ఆ కర్రను పట్టుకోవడం.

డాక్టరు అతన్ని ఇక రానివ్వొద్దన్నాడు. గిరిజ వారం రోజులు మెడకు గుడ్డ చుట్టుకుంది, ఇంట్లో చిన్న చప్పుడైనా ఉలిక్కిపడింది. అయినా మళ్లీ పిలిపించింది. ఈసారి తలుపు తెరిచి ఉంచి, వెంకటేశాన్ని గడప దగ్గర కూర్చోమంది. ఆ సంగతి ఫకీరాకు దాచకుండా చెప్పింది.

ఆ రోజే అతను నోరు విప్పాడు. రెండేళ్ల కింద కాలువ నీళ్ల తగాదాలో నలుగురు కలిసి అతని అన్న జవహర్‌ను కట్ట మీద గొడ్డళ్లతో నరికారు. ముందు బాంబు వేశారు, కింద పడ్డాక నరికారు. ఫకీరా వరిమళ్లో బోర్లా పడుకుని, నోట్లో మట్టి కుక్కుకుని, చివరిదాకా విన్నాడు.

"అన్న నా పేరు పెట్టి పిలిసిండమ్మా. మూడుసార్లు పిలిసిండు. నేను లేవలె."

లేచి ఉంటే నిన్ను కూడా నరికేవాళ్లని అందరూ చెప్పే మాట గిరిజ చెప్పలేదు.

ఆరు నెలలు అతను తప్పకుండా వచ్చాడు. నిద్ర పట్టసాగింది. కానీ మరుసటేడు ఎండాకాలంలో కోదాడ బస్టాండులో ఆ నలుగురిలో ఒకడు, బక్కయ్య, కనపడ్డాడు. ఫకీరా వెంబడించి, గోడ పక్కన పడగొట్టి, రొమ్ము మీద కూర్చుని బండరాయితో మొహం మీద మోదాడు. దవడ పగిలింది, ఒక కన్ను పోయింది. మూడో దెబ్బకు ఎత్తిన రాయి పక్కన పడేసి బస్సెక్కి నేరుగా గిరిజ దగ్గరికి వచ్చాడు. అంగీ నిండా నెత్తురు.

గిరిజ మంచినీళ్లిచ్చింది. అతను తాగాక, "పోదాం పా, నేను నీ ఎంట ఉంట" అని పోలీస్ స్టేషనుకు తీసుకెళ్లింది.

అతనికి మూడేళ్ల శిక్ష పడింది. ఆ కేసులోనే అతను జవహర్ హత్య సంగతి మొదటిసారి కోర్టులో చెప్పాడు. దాంతో ఆ హత్యపై విచారణ జరిగి, బక్కయ్యతో సహా ముగ్గురు జైలుకు పోయారు, నాలుగోవాడు దొరకలేదు. తాను మాట్లాడించకపోతే బక్కయ్య కన్ను నిలిచేదా అన్న ప్రశ్న గిరిజను చాలా ఏళ్లు కుదురుగా ఉండనివ్వలేదు. అయినా నెలకోసారి జైలుకు వెళ్లి అతన్ని కలిసింది.

సుక్కి అతని దగ్గరికి మళ్లీ రాలేదు. రావాలని గిరిజ అడగనూ లేదు. విడుదలయ్యాక ఫకీరా సూర్యాపేటలో ఒక గోదాముకు కాపలాదారుగా చేరాడు. 1996లో ఒకనాడు పగలు గిరిజ గదికి వచ్చి, అన్న కోసం మొట్టమొదటిసారి గట్టిగా ఏడ్చాడు. బయట ఇంకెవరో వేచి ఉన్నారని వెంకటేశం వచ్చి చెబితే, జర ఆగమను, ఇంకా టైం పడతది అని ఆమె మెల్లగా అంది.