సచ్చిన వైరు

మా పత్తి మిల్లులో బండ్లు తూచే కాంటా బాగుచేయడానికి వచ్చే మెకానిక్ పేరు గుర్తుంచుకోవాలని నాకు లేదు. ఆయన మాట మాత్రం చెవుల్లోంచి పోదు: "చెల్లె, జర అటు తిరుగు."

కరెంటు పోయి వచ్చిందంటే కాంటాకు తగిలించిన అంకెల డబ్బా మీద బరువు సరిగ్గానే కనబడేది. నా కంప్యూటర్‌లో మాత్రం పిచ్చి అక్షరాలు పడి, తూకం చీటీ వచ్చేది కాదు. ఆయన వచ్చి, రెంటినీ కలిపే వైరు పీకి, "ఇది సచ్చింది" అని మూలకు విసిరి కొత్తది పెట్టేవాడు. తర్వాత నన్ను గోడవైపు తిప్పి డబ్బా మీద ఏవో మీటలు నొక్కేవాడు. ఆపరేటర్‌నైన నేను శిక్షపడ్డ బడిపిల్లలా గోడ చూస్తూ నిలబడేదాన్ని.

ఒకరోజు మళ్లీ అదే గొడవ. ఫోన్ చేస్తే "రేపొస్త" అన్నాడు. మరిపెడ నుంచి పత్తి ట్రాలీతో వచ్చిన పెద్దాయన కిటికీ దగ్గరికి వచ్చి, "బిడ్డా, మొగులైతాంది. పత్తి తడుస్తది" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. డబ్బా నుంచి బరువు అందుకోవడానికి కంప్యూటర్‌లో పెట్టే డేటా వేగం అంకెలు ఒక్కొక్కటే మార్చి చూశాను. నాలుగో అంకెకు బరువు ఠక్కున పడింది. వైరుకు ఏమీ కాలేదు. కరెంటు పోతే డబ్బా తన పాత వేగానికి పోతుంది, అంతే. ఇన్నాళ్లూ నన్ను గోడవైపు తిప్పి ఆయన దాచింది ఆ ఒక్క అంకె.

మర్నాడు కొత్త వైరు భుజాన వేసుకుని కాంటా మీదుగా నడిచి వస్తున్నాడు. మూలనున్న వైరొకటి అప్పటికే తగిలించి ఉంచాను.

"ఆగన్నా, ఆడ్నే నిలబడు!" అని కిటికీలోంచి అరిచాను. "డెబ్బై కిలోలున్నవ్. నువ్వు సచ్చిందన్న వైరే చెప్తాంది."

ఆ రోజు అటు తిరిగింది ఆయనే.