తలకాయ ఊపద్దు, నోటితో చెప్పు

మేడమ్ పోయారని చింతామణి నుంచి ఫోన్ వచ్చేసరికి, చిక్కబళ్ళాపురంలో నేను పనిచేసే హైస్కూల్లో అప్పుడే ప్రార్థన అయింది. పిల్లలు వరుసలు విడిచి తరగతుల్లోకి పోతున్నారు. ఫోన్ చేసింది ఆమె ఇంటాయన. "పొద్దున్నే కాఫీ తాగింది. గ్లాసు కడిగి బోర్లేసింది. కుర్చీలో కూర్చుంది, అట్లే పోయిందమ్మా," అన్నారు. నేను ఫోన్ చెవికి ఆనించుకొని తల ఊపుతూ నిలబడ్డాను. అవతలి మనిషికి నా తల కనబడదని కాసేపటికిగానీ తట్టలేదు. ఆమె చూసి ఉంటే ఎంత తిట్టేవారో.

ఆమె నాకు పాఠం చెప్పిన మనిషి కాదు. చింతామణిలో నేను చదివిన డిగ్రీ కాలేజీ ఆఫీసులో గుమాస్తా. స్కాలర్‌షిప్ అర్జీలు సరిచూడడం ఆమె పని. మేం ఆన్‌లైన్లో నింపిన అర్జీని, మా అసలు కాగితాలను పక్కపక్కన పెట్టుకొని చూసేవారు. రెండూ ఒకటేనని తేలితే కంప్యూటర్లో ఒక గుర్తు పెట్టేవారు. ఆ గుర్తు పడితేనే అర్జీ ముందుకు పోయేది.

చూసేవారు అంటే చాలదు. చదివేవారు, గట్టిగా. అంకెలు అరిగిపోయిన పసుపు పచ్చ ప్లాస్టిక్ స్కేలు ఒకటి ఉండేది ఆమె దగ్గర. దాన్ని వరుస కింద పెట్టి, కన్నడలో ఉన్నది కన్నడలో చదివి, తెలుగింటి పిల్లలైతే మళ్ళీ తెలుగులో చెప్పి, "ఔనా, కాదా?" అనేవారు. మేం తల ఊపితే ఒప్పుకునేవారు కాదు. "తలకాయ ఊపద్దు, నోటితో చెప్పు. నీ పేరుకు నువ్వు ఔననేదానికి ఏం సిగ్గు?" ఔనంటేనే స్కేలు ఒక వరుస కిందికి దిగేది. ఒక్కొక్క అర్జీకి అరగంట పట్టేది. బయట ఎండలో వరుస వరండా దాటి సైకిల్ స్టాండు దాకా పాకేది. మేం ఆమెకు ఔనా మేడమ్ అని పేరు పెట్టాం. తిట్టుకున్నాం కూడా. అందరికంటే ఎక్కువ తిట్టుకున్నది నేనే. దాచేది ఏముంది?

నా అర్జీలో ఒక అబద్ధం ఉంది. అది ఎలా వచ్చిందో మీకు చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

మాది బాగేపల్లి తాలూకా, మిట్టేమరి పక్క. మా వైపు కలిసున్న ఇళ్ళలో పిల్లల్ని బడిలో చేర్చేది ఇంటి పెద్ద. మా ఇంట్లో పెద్ద మా పెదనాయన. నన్ను భుజం మీద ఎక్కించుకొని తీసుకుపోయాడట. మేస్టరు తండ్రి పేరు అడిగితే తన పేరు చెప్పాడు. అందులో మోసం ఏమీ లేదు. ఇంట్లో పిల్లలంతా తన పిల్లలే అనుకున్న మనిషి, ఇంకెవరి పేరు చెబుతాడు? నాకంటే పెద్దవాళ్ళెవరూ కాలేజీ గడప తొక్కలేదు కాబట్టి ఆ పేరు ఎవరికీ అడ్డం రాలేదు. తర్వాత భాగాలు అయ్యాయి. బోరు నీళ్ళ దగ్గర అన్నదమ్ములకు మాటా మాటా పెరిగింది. ఇంటి మధ్యలో గోడ లేచింది. ఆరేళ్ళు ఒకరి ముఖం ఒకరు చూడలేదు. గోడకు అటు పెదనాయనకు పట్టుపురుగుల షెడ్డు, తోట, కాస్త కలిగిన బతుకు. ఇటు మాకు రెండు ఆవులు, వానొస్తే పండే చేను.

నా మార్క్స్ కార్డులో తండ్రి పేరు పెదనాయనది. ఆదాయ పత్రంలో మా నాయనది. స్కాలర్‌షిప్ రాకపోతే నా చదువు మొదటి ఏడాదితోనే ఆగుతుంది. బాగేపల్లిలో ఒక బట్టల అంగడాయనతో నాయన నా పని గురించి అప్పటికే మాట్లాడి వచ్చాడు. "ఒకవేళకి అంతే పాపా," అన్నాడు నాతో, నా ముఖం చూడకుండా.

అర్జీ నింపిన నెట్ సెంటర్ ఆయన కాగితాలు రెండూ చూసి నాలుక చప్పరించాడు.

"తండ్రి ఈడొకరు, ఆడొకరు. ఇది ఒప్పేది కాదు పాపా. తండ్రి లేరని పెడదాము. అప్పుడు మీ అమ్మ ఆదాయం చాలు. మరణపత్రం తర్వాత ఇస్తామని నొక్కేది. అందరూ చేస్తాండారు."

"మా నాయన ఉండాడు కదన్నా."

"కంప్యూటర్లోనే కదా లేనిది. ఇంట్లో ఉండాడు కదా?"

ఆయన మౌస్ నా వైపు జరిపాడు. ఒప్పుకుంటున్నాను అన్న చోట నొక్కింది నా వేలే. ఇన్నేళ్ళలో ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

బుధవారం నా వంతు వచ్చింది. శుక్రవారం మూడు గంటలకు గడువు ముగుస్తుంది. అసలు కాగితాలు సంచిలో పెట్టుకొని నాయన నాతోపాటే బస్సులో వచ్చాడు. ఆయనకు కన్నడ వినడమే కానీ చదవడం రాదు. అర్జీలో ఏముందో తెలియదు. ఆఫీసు కిటికీ బయట బెంచీ మీద కూర్చున్నాడు. కిటికీ రెక్కలు తెరిచే ఉన్నాయి. మేడమ్ గొంతు సైకిల్ స్టాండు దాకా వినబడుతుందని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

పేరు చదివారు. ఔనన్నాను. ఊరు చదివారు. ఔనన్నాను. స్కేలు ఒక్కొక్క వరుస దిగుతోంది. తర్వాతి వరుస దగ్గర ఆమె నోరు తెరిచి, ఆగారు. కళ్ళద్దాలు పైకి తోసుకొని కిటికీ వైపు చూశారు.

"బయట కూర్చున్నది ఎవరమ్మా?"

"మా నాయన."

ఆమె లేచి, కిటికీ రెక్కలు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నారు. కాగితాన్ని నా వైపు తిప్పారు. స్కేలు ఆ వరుస కింద పెట్టారు. గొంతు తగ్గించి, "దీన్ని నేను చదవను. నువ్వే మనసులో చదువుకో. చదివి, ఔనో కాదో నోటితో చెప్పు," అన్నారు.

తండ్రి: మరణించారు.

కిటికీ సందులోంచి నాయన దగ్గు వినబడింది. నా వెనక వరుసలో ఎవరో త్వరగా కానీమని విసుక్కున్నారు. ఔననేదానికి ఒక్క క్షణం చాలు. ఔనంటే ఆమె ఏం చేసేవారో నాకు ఇప్పటికీ తెలియదు. ఔనని ఉంటే నేను ఏమైపోయేదాన్నో మాత్రం తెలుసు.

"కాదు," అన్నాను. అనేసి ఏడ్చేశాను.

ఆమె ఓదార్చలేదు. ఆమెకు ఓదార్చడం వచ్చేది కాదు. "ఏడ్చేది ఇంట్లో. ఇప్పుడు ఉండేది ఉన్నట్టు చెప్పు," అన్నారు. చెప్పాను. అంతా విని ఆ వరుస కొట్టేశారు. బయటికి వెళ్ళి నాయనతో మాట్లాడారు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను, ఆ మాట ఎక్కడ బయటపడుతుందో అని.

"ఒక తప్పు పడిందప్పా అర్జీలో. సరిచేసేదానికి మీ అన్న రావల్ల. 'బడిలో నా పేరు రాయించినాను, ఈ పాప నా తమ్ముని కూతురు' అని ఆయన నా ముందర చెప్పి సహి చేయల్ల."

నాయన ముఖం నల్లబడింది. "ఆయన గడప నేను తొక్కను మేడమ్."

"తొక్కమని నేను చెప్పలేదు. శుక్రవారం మూడు గంటలకు కంప్యూటర్ మూసుకుంటుంది. అది చెప్పినాను, అంతే."

ఏ తప్పు పడిందో నాయన అడగలేదు. ఆమె చెప్పలేదు.

మరుసటి రోజు పొద్దున నేనే గోడ తిరిగి పెదనాయన షెడ్డుకు పోయాను. నాలుగో జ్వరం దాటిన, అంటే చివరిసారి కుబుసం విడిచిన పురుగులు ఆకు మీద పడి తింటుంటే షెడ్డంతా వాన చినుకుల చప్పుడు. ఆయన నా వైపు తిరగకుండానే అంతా విన్నాడు.

"నేనేం తప్పు రాయించినాను? నువ్వు నా బిడ్డవు కాదని ఇప్పుడు నన్ను ఊరు దాటి పోయి చెప్పమంటావా?"

"కాగితానికే పెదనాయనా."

"అడిగేదానికి మీ నాయనకు నోరు లేదా?"

ఆయన గంపలో ఆకు అందుకున్నాడు. "మీ పెద్దమ్మ పుట్టింటికి పోయింది. పురుగు తిండి మీదుండాది. ఈ రెండు దినాలు ఇడిచిపెట్టి యాడికీ పోయేదానికి లేదు," అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. ఆ దశలో ఆకు తప్పితే పట్టు గూళ్ళు రావు, పంటంతా పోతుంది. ఇంటికొచ్చి నాయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన విని, ఆవులకు నీళ్ళు పెట్టేదానికి లేచిపోయాడు.

శుక్రవారం మొదటి బస్సుకు నేనొక్కదాన్నే చింతామణి పోయాను. పన్నెండైంది. ఒకటైంది. మేడమ్ భోజనానికి ఇంటికి పోలేదు. నా కాగితాలు అన్నిటికంటే పైన పెట్టుకొని, టిఫిన్ డబ్బా మూత కూడా తీయకుండా మిగిలిన పిల్లల అర్జీలు చదువుతూనే ఉన్నారు. రెండున్నరకు ఆఫీసులో మేమిద్దరమే మిగిలాం. నాకు సిగ్గు పోయింది.

"మేడమ్, మీరు నన్ను నమ్మి గుర్తు పెట్టేయండి మేడమ్."

"నేను నమ్మినానే. నమ్మినానని రాసేదానికి ఈ కంప్యూటర్లో యాడా జాగా లేదు." గడియారం చూశారు. నాతో కాదన్నట్టుగా మళ్ళీ మాట్లాడారు. "ముందొకసారి వరుస ఎక్కువుండాదని ఒక పాప అర్జీ చదవకుండా గుర్తు పెట్టినాను. బ్యాంకు నంబరు తప్పు పడింది. దుడ్డు ఇంకెవరికో పోయింది. ఆ పాప చదువు ఇడిచిపెట్టి ఇటుక బట్టీకి పోయింది. అప్పట్నుంచి చదువుతాండాను. మీరు తిట్టుకునేది నాకు తెలీదా?"

మూడుకు ఇంకా పావుగంట ఉందనగా పెదనాయన వచ్చాడు. పంచె మీద ఆకు పసరు మరకలు, కాళ్ళకు దుమ్ము. మేడమ్ అప్పటికే రాసిపెట్టిన కాగితం ముందుకు లాగి, స్కేలు పెట్టి చదివారు. "ఈ పాప నా తమ్ముని కూతురు. ఔనా, కాదా? నోటితో చెప్పండప్పా."

పెదనాయన నా వైపు చూశాడు. ఆరేళ్ళ తర్వాత సరిగ్గా చూసిన చూపు అది.

"నా బిడ్డేనమ్మా. రాసేదానికి మటుకు తమ్ముని కూతురు."

ఔనా కాదా అని ఆమె మళ్ళీ అడగలేదు. నాకు తెలిసి అదొక్కసారే. సహి చేయించుకుంటూ, "తమ్ముడు రాలేదా?" అన్నారు.

"నా షెడ్డులో పురుగులకు ఆకు ఏస్తాండాడు. పొద్దున్నే గోడ తిరిగి వచ్చినాడు. మాట లేదు, పలుకు లేదు, నా చేతిలో గంప లాక్కున్నాడు. నేనేం చేసేది? బస్సెక్కినాను. ఆ బస్సు చెడి నిలిచిపోయింది బాగేపల్లి దాటినాక."

కంప్యూటర్లో సున్నా ఒకటి తిరుగుతూ నిలబడింది. మేం ముగ్గురం దాన్నే చూస్తున్నాం. తిరిగింది, తిరిగింది. గుర్తు పడింది. "పడింది," అన్నారు మేడమ్. "పో, పోయి మీ పెదనాయనకు అన్నం పెట్టించు." అప్పుడు తన డబ్బా మూత తీశారు.

బట్టల అంగడికి నేను పోలేదు. డిగ్రీ అయింది, బి.ఎడ్. అయింది, పని దొరికింది. చింతామణి వైపు పోయినప్పుడల్లా మా చేని శెనక్కాయలు తీసుకుపోయేదాన్ని. ఆఫీసులో ఉన్నన్నాళ్ళు ఒక్క కాయ ముట్టలేదు. రిటైరైన మరుసటి రోజు పోతే మాత్రం చేట ముందు పెట్టుకొని అన్నీ వలిపించారు నాతో. ఆ రోజు ధైర్యం చేసి అడిగాను, ఆ వరుస సంగతి నాయనకు ఎందుకు చెప్పలేదని.

"ఏముండాది చెప్పేదానికి? నువ్వు కాదన్నావు కదా. కాదన్నదాన్ని ఎట్ల చెప్పేది?"

అబద్ధం ఆడినదాన్ని అని కాక, కాదన్నదాన్ని అని నన్ను గుర్తు పెట్టుకున్నారు. అంతకంటే పెద్ద సహాయం నాకెవరూ చేయలేదు.

పదకొండో దినం అయ్యాక నాయనా నేనూ వాళ్ళింటికి పోయాం. ఆమె ఇంటాయన దర్జీ. మెషీన్ మీద గుడ్డ కప్పి ఉంది. నాయన లోపలికి రాకుండా కిటికీ బయట బెంచీ మీదే కూర్చున్నాడు. మేడమ్ ఇంటాయన ఒక కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టారు. కుటుంబ పెన్షన్ అర్జీ. "నింపినారమ్మా ఎవరో. సరిగ్గా ఉండాదా, లేదా చూడు. ఇట్లాంటివన్నీ ఆయమ్మే చూసేది." కట్ట మీద ఆ పసుపు పచ్చ స్కేలు కూడా ఉంది.

గట్టిగా చదవడం మొదలుపెట్టాను. ఆమె పేరు. "ఔను," అన్నారాయన. చేసిన పని. "ఔను." ఊరు. "ఔను." తర్వాతి వరుస, మరణించిన తేదీ దగ్గర నోరు తెరిచి, ఆగాను. బయట నాయన దగ్గాడు.

నేను కాగితాన్ని ఆయన వైపు తిప్పి, స్కేలు ఆ వరుస కింద పెట్టాను. ఆయన చాలాసేపు దాన్నే చూశారు. "నోటితో చెప్పల్లనామ్మా?" అని అడిగారు.

నేను తల అడ్డంగా ఊపాను.

ఆయన సూదిపోట్లు పడిన వేలితో స్కేలును ఒక వరుస కిందికి జరిపారు.