ఆరు సిలిండర్ల అన్నదమ్ములు

మా బాపిరాజు మావయ్యకి తాగుడు లేదు, పేకాట లేదు, కోర్టు వ్యాజ్యాలు కూడా లేవు. ఉన్నది ఒకటే జబ్బు. పనిలేక నిలబడ్డ కారు కనబడితే దాని హెడ్డు ఊడదీస్తారు. పనుండి ఆగిపోయిన ఇంకో కారుకి బిగిస్తారు. హెడ్డంటే ఇంజను మీద మూతలా కూర్చునే ఇనప దిమ్మ. అది లేని కారు ఒట్టి సోఫా.

ఏలూరు పవర్‌పేటలో ఆయన షెడ్డు. యుద్ధం అయ్యాక దొరలూ జమీందార్లూ వదిలించుకున్న అమెరికా కార్లన్నీ ముసలితనంలో అక్కడికే చేరేవి.

"ఆరు సిలిండర్లవన్నీ అన్నదమ్ములేరా వెంకట్రాజూ! ప్లిమత్ బోల్టుల వరస చూడు, డాడ్జి వరస చూడు. ఒకటే. డిసోటో మాత్రం రెండంగుళాలు పొడుగు. అది బావమరిది. దాని జోలికెళ్ళకు."

"అన్నదమ్ములు కాబట్టే కోర్టుకెక్కుతారండీ" అనేవాణ్ణి.

"వినాయకుడికి ఏనుగు తల అతకలేదట్రా?"

"ఏనుగునెవరన్నా అడిగారా మావయ్యా?"

ఎవరూ అడగరు. ఆ షెడ్డులో ఏనుగుని నేను.

నేనొక్కణ్ణే కాదు. అత్తిలి నుంచి పెళ్ళిచూపులకొచ్చిన ఒకాయన షెడ్డు ముందు కారాపి కాఫీకెళ్ళాడు. వచ్చేసరికి బానెట్ కింద గోనెపట్టా కప్పి ఉంది.

"కంగారు పడకండి. మీ హెడ్డు పెదపాడులో పురుటికెళ్ళింది. సాయంత్రానికొచ్చేస్తుందండి" అన్నారు మావయ్య.

ఆ పెళ్ళికొడుకు జట్కాలో వెళ్ళాడు. ఆడంబరం లేని మనిషని మెచ్చి పిల్లనిచ్చారు. ఆ సంబంధం తనే కుదిర్చినట్టు మావయ్య ఇప్పటికీ చెప్పుకుంటారు.

నాకు అలాంటి అదృష్టం కూడా లేదు. కాలేజీ సగంలో వదిలేసి, పాత ప్లిమత్ కొని టాక్సీ పెట్టాను. బండి పెట్టుకోడానికి ఆ షెడ్డు తప్ప చోటు లేదు. తాడేపల్లిగూడెం బేరం దొరికిన పూట హెడ్డుండదు. హెడ్డున్న పూట బేరముండదు. నాన్నగారు తేల్చి చెప్పేశారు: "ఇంకొక్క బేరం పోయిందంటే బండి అమ్మేసి నిన్ను మళ్ళీ కాలేజీలో కూర్చోబెడతాను."

మళ్ళీ ఆ లెక్కలు! దానికంటే కొల్లేట్లో దూకడం నయం. కానీ కొల్లేరుదాకా వెళ్ళాలన్నా బండికి హెడ్డుండాలిగా!

చివరికి డాక్టరు సలోమిగారి బేరం దొరికింది. ఆవిడ సోమవారాలు కొల్లేటి లంకలకి వైద్యానికి వెళ్తారు. మొదటి వారం సరిగ్గా తీసుకెళ్తే ప్రతి సోమవారమూ నాదే. నాన్నగారి నోరు మూతపడుతుంది.

సోమవారం పొద్దున్నే వచ్చి బానెట్ ఎత్తాను. గోనెపట్టా.

"అత్తయ్యగారూ! నా హెడ్డేదండీ?"

మంగతాయారు అత్తయ్య గుమ్మంలో కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. "యోసేపు చేపల లారీ, అదీ డాడ్జీయేగా, గట్టు మీద ఆగిపోయిందట నాన్నా. కాగిపోతున్న ఇంజన్లో కాలవ నీళ్ళు పోసేశాడంట, హెడ్డు కాస్తా పగిలింది. ఐసు కరిగితే కొరమీనులన్నీ కుళ్ళిపోవూ? నీదాన్ని మావయ్యగారు రాత్రే సైకిలు మీద కట్టుకెళ్ళారు."

"నేను కుళ్ళిపోయినా ఫరవాలేదాండీ?"

"నువ్వు ఐసులో పెట్టినా చల్లారవు కదరా."

ఒళ్ళు మండిపోయింది. షెడ్డు మూల మావయ్య సొంత డాడ్జి ఉంది. ఎర్రది, పైన పట్టా. రోజూ దుమ్ము దులుపుతారు, ఎవర్నీ ముట్టుకోనివ్వరు. ఊరందరి తలలూ మారుస్తారుగానీ తన బండిది మాత్రం భద్రం! పానా పుచ్చుకుని పట్టా లాగేసి బానెట్ ఎత్తాను.

లోపల గడ్డి. గడ్డి మీద కోడిపెట్ట. నా చెయ్యి రక్తం వచ్చేలా పొడిచింది.

"దీని హెడ్డేమైందండీ?"

"నీ బండికుందిగా" అంది అత్తయ్య, చేట ఆపకుండా. "నువ్వు కొన్నప్పుడే నీదాని హెడ్డు చీలిపోయి ఉంది. అమ్మినవాడు పైన ఏదో పూసి అంటగట్టాడు. నువ్వు మిఠాయి పంచడానికెళ్ళిన పూట ఆయన ఇది మార్చేశారు. కాలేజీ వదిలేసినవాడికి మొదటిరోజే బండి కూడా ఆగిపోతే ఎలాగే అన్నారు."

పానా కింద పెట్టాను. ఏనుగుని నేను కానే కాదు.

ఇంతలో వీధిలో లారీ హారను. ముందు సీట్లోంచి చేపల కంపుతో మావయ్య దిగారు.

"అబ్బాయ్, చేపలు రైలెక్కేశాయి. యోసేపు ఖాళీగా మళ్ళీ కొల్లేటికే వెళ్తున్నాడు. డాక్టరమ్మగారిని ఎక్కించు. హెడ్డు నీది, బేరం నీది. ఒళ్ళు ఏదైతేనేం?"

అప్పుడే రిక్షా దిగిన సలోమిగారు లారీని ఎగాదిగా చూశారు. "ఇదేనాండీ మీ టాక్సీ?"

"హెడ్డు మటుకు ఇదేనండి. మిగతాది వచ్చేవారం చూపిస్తాను."

ఆవిడ ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని ఎక్కారు. నేను పక్కన కూర్చున్నాను. తిరిగొచ్చాక అన్నారు: "లారీ కాబట్టి మందుల పెట్టెలన్నీ పట్టాయి. వచ్చే సోమవారం కారైనా సరే, రండి."

బెజవాడ నుంచి యోసేపుకి వేరే హెడ్డొచ్చిన రోజున, లారీకున్న ఆ డాడ్జి హెడ్డుని మోసుకొచ్చి మావయ్య ముందు పెట్టాను. "మీ డాడ్జికి బిగించుకోండి. నేనింకోటి వెతుక్కుంటాను."

మావయ్య చూపు పక్కకి తిప్పేసుకున్నారు. "ఇప్పుడెలారా? పెట్ట పొదుగుతోంది."

ఆ గుడ్లు పిల్లలయ్యాయి. పిల్లలు పెట్టలయ్యాయి. కొన్ని కూర కూడా అయ్యాయి. ఎప్పుడడిగినా మావయ్యది ఒకటే మాట: పెట్ట పొదుగుతోంది.

నిన్న ఆయన లేకుండా చూసి డాడ్జి బానెట్ ఎత్తాను. పెట్టా లేదు, గుడ్లూ లేవు. గడ్డి మాత్రం కొత్తది.