లావుపాటి పుస్తకాల పాఠకుడు

నేను రోజూ పొద్దున్నే విజయవాడలో బస్సెక్కి, ఉయ్యూరు దాటాక వచ్చే ఒక చిన్న ఊళ్ళో దిగి, సాయంత్రం దాకా పుస్తకాలు ఇచ్చి పుచ్చుకుని, మళ్ళీ బస్సెక్కే మనిషిని. ఆ ఊరి శాఖా గ్రంథాలయానికి లైబ్రేరియన్‌ని. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకొక ఆశ ఉండేది. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ఎవరో ఒకరు కౌంటర్ దగ్గర ఆగి దాని గురించి రెండు మాటలు చెబుతారని, నేను నాలుగు చెబుతానని. ఇరవై రెండేళ్ళలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న ప్రశ్న మాత్రం, "మేడంగారూ, జిల్లా పేపరు ఎవరి దగ్గరుందండీ?"

నేనే నోరు తెరిచి అడిగితే జవాబు ఒక్కటే వచ్చేది. "బానే ఉందండి." ఏ పుస్తకమైనా బానే ఉండేది. వంటలూ, వేదాంతమూ, హత్యలూ అన్నీ బానే ఉండేవి. నాకు ఒళ్ళు మండేది.

ఈ మధ్య మా లైబ్రేరియన్లకి విజయవాడలో రెండు రోజులు శిక్షణ పెట్టారు. నేర్పడానికి వచ్చినావిడ నా కూతురి వయసుది. పాఠకులు ఫోన్లోనే ఓట్లు వేయచ్చట, ఆన్‌లైన్ గోడ మీద ఎవరికి తోచింది వాళ్ళు రాయచ్చట, లైబ్రేరియన్‌తో మాట్లాడచ్చట. "పాఠకులు మీతో మాట్లాడకపోతే మీరే వాళ్ళ ఫోన్లోకి వెళ్ళండి మేడం" అంది. ఆ మాట నోట్సులో రాసుకుని కింద రెండు గీతలు గీశాను. నా వెనక వరసలో వాళ్ళు భోజనాల సంగతి మాట్లాడుకుంటున్నారు. నేను మాత్రం పెళ్ళిచూపులకు ముస్తాబైన పిల్లలా కూర్చున్నాను.

మొదట ఓటింగు పెట్టాను. మీకు ఎలాంటి పుస్తకాలు కావాలి అని అడిగి నవలలు, కథలు, చరిత్ర, ఇతరములు అని ఇచ్చాను. పేపర్ల బల్ల దగ్గర రోజూ కూర్చునే పెద్దమనుషులు ఏడుగురు ఒకే ఫోన్ చుట్టూ తలలు పెట్టి అరగంట చర్చించారు. చివరికి "మా అందరిదీ కలిపి ఒక్కటే ఓటండీ" అని నొక్కారు. ఇతరములు అన్నచోట, బల్ల మీదకి ఇంకో ఫ్యాను కావాలని రాశారు. ఆ ఎన్నికలో ఫ్యానే గెలిచింది.

తర్వాత గోడ పెట్టాను. తెల్లారేసరికి దాని నిండా గులాబీలు, దేవుళ్ళు, శుభోదయాలు. ఒకాయన గృహప్రవేశం శుభలేఖ పెట్టాడు. ఇంకొకాయన పాడిగేదె అమ్మకానికి కలదని ఫొటోతో సహా పెట్టాడు. పుస్తకం మాట ఒక్కటి లేదు. గేదె మాత్రం మూడో రోజుకల్లా అమ్ముడుపోయింది. కొన్నాయన వచ్చి నాకు థాంక్స్ కూడా చెప్పి వెళ్ళాడు.

అయినా నేను మొండిదాన్ని. మూడోసారి "ఈ పుస్తకం గురించి మాట్లాడుకుందాం" అని ఒక పేజీ చేశాను. కార్డు నంబరు కొట్టి, చదివినదాని గురించి ఏమనిపిస్తే అది రాయచ్చు. వేరెవరికీ కనపడదు, నేనొక్కదాన్నే చదివి జవాబిస్తాను. దాని క్యూఆర్ కోడ్ ప్రింటు తీసి, గడువు తేదీలు వేసే చీటీ పక్కన ప్రతి పుస్తకంలోనూ నా చేత్తో అంటించాను. గమ్ము సీసాలు అయిపోయాయి గానీ వారం రోజులు పేజీ ఖాళీగానే ఉంది.

ఒక మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలప్పుడు మొదటి ఉత్తరం వచ్చింది. ఉత్తరమనే అంటాను, మెసేజీ అనబుద్ధి కాదు.

"ఈ నవలలో పెద్దకోడలు ఇరవై మందికి వండి వార్చింది అని ఒక్క వాక్యం రాసి ముందుకెళ్ళిపోయారు. ఆ వాక్యం రాయడానికి ఆయనకి ఎంతసేపు పట్టి ఉంటుంది? వండడానికి ఆవిడకి ఎంతసేపు పట్టి ఉంటుంది?"

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కార్డు నంబరు చూస్తే సెంటర్లో ఎరువుల కొట్టు ఆయనది. ఎన్నో ఏళ్ళుగా ప్రతి బుధవారం వస్తాడు. హెల్మెట్ కూడా తీయడు. పాత పుస్తకం బల్ల మీద పెట్టి, "ఏదో ఒకటి ఇవ్వండి మేడంగారూ, కాస్త లావుగా ఉండేది చూడండి" అంటాడు. ఇచ్చిన పుస్తకం పేరైనా చూడకుండా సంతకం పెట్టి వెళ్ళిపోతాడు. అలాంటి మనిషి లోపల ఇంత ఉందా అని నాకు ఆశ్చర్యం, ఇన్నేళ్ళూ గమనించనందుకు సిగ్గు. "నమస్కారం సార్" అని మొదలుపెట్టి పేజీడు జవాబు రాశాను.

ఆ తర్వాత వారానికి రెండు మూడు ఉత్తరాలు వచ్చేవి, అన్నీ మధ్యాహ్నం రెండింటికే. కొట్లో బేరాలు ఉండని వేళ అనుకున్నాను. ఒక కథలో చనిపోయిన మనిషికన్నా ఆ ఇంట్లో మిగిలిపోయిన చెప్పుల గురించే ఎక్కువ బాధ కలిగిందని రాశాడు. ఒక డిటెక్టివ్ నవలలో హంతకుణ్ణి యాభయ్యో పేజీలోనే పట్టేశానని, ఇంట్లో అందరికీ కాఫీ ఇచ్చి తను తాగనివాడిని ఎవరైనా అనుమానిస్తారు కదా అని రాశాడు. డెల్టాలో పెద్దకోడలి కష్టం గురించి ఆలోచించే మగవాడు ఒకడున్నాడని మా ఆయనకు గొప్పగా చెప్పాను. ఆయన పేపరు తిప్పుతూ, "అట్టాగా" అన్నాడు.

బుధవారం ఆయన కౌంటర్ దగ్గరకు రాగానే నేను గొంతు తగ్గించి, "మీరన్నది బాగా ఆలోచించానండీ. మీదే నిజం" అన్నాను.

ఆయన అయోమయంగా చూసి, "యూరియా గురించా అండీ?" అన్నాడు.

నలుగురిలో మాట్లాడాలంటే మొహమాటం కాబోలు అనుకున్నాను. మంచి మనసున్నవాళ్ళకి మొహమాటం ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

బస్సు ముందు చెరకు ట్రాక్టరు నత్తనడకన పోతుంటే అందరూ విసుక్కునేవాళ్ళు. నేను మాత్రం ఫోన్ తీసి, వచ్చిన ఉత్తరం ఇంకోసారి చదువుకునేదాన్ని. నాకు అంత సంతోషంగా ఉండేది. ఇన్నేళ్ళకి దొరికిన ఒక్క పాఠకుణ్ణి ఎలా కాపాడుకోవాలా అని మాత్రం ఆలోచించలేదు. పైగా నేనే చెడగొట్టుకున్నాను.

నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు వచ్చాయి. ఏటా పిల్లలకు వ్యాసరచన, పెద్దలకు ఉపన్యాసం, నలుగురికి శాలువా. ఈసారి కొత్తగా ఉత్తమ పాఠకుడికి సన్మానం పెట్టాను. కంప్యూటర్ని అడిగితే ఎక్కువ పుస్తకాలు తీసుకెళ్ళింది కూడా ఆయనే అని చెప్పింది. ఇంకేముంది, ఆయన్ని ఒక్క మాట అడగకుండా ఆయన పేరు గేటు బయట బోర్డు మీద రంగు సుద్దలతో రాసేశాను. కింద, తనకు నచ్చిన పుస్తకం గురించి వారు ప్రసంగిస్తారు అని కూడా చేర్చాను.

ఆ రోజు నుంచీ ఉత్తరాలు ఆగిపోయాయి.

రెండు గంటలవుతుంటే పేజీ తెరిచి కూర్చునేదాన్ని. ఏమీ లేదు. బుధవారం కూడా మనిషి రాలేదు. నేను రాసిన రెండింటికీ జవాబు లేదు. పేపర్ల బల్ల పెద్దాయన ఒకరు, "ఏంటి మేడంగారూ, ఒంట్లో బాగోలేదా?" అని అడిగారు. ఏమని చెప్పను? నోట్లో మాట ఉన్న ఒకే ఒక పాఠకుడు పోయాడని బెంగగా ఉంది అంటే నవ్వుతారు.

సన్మానం రోజు ఆయన వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నుదుటి మీద చెమట, చేతిలో హెల్మెట్. హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్ అధ్యక్షత. పేపర్ల బల్ల ఏడుగురూ ముందు వరసలో ఉన్నారు. శాలువా కప్పి మైకు ఇచ్చాం. ఆయన హెల్మెట్ కుర్చీలో పెట్టి మైకు అందుకున్నాడు.

"అందరికీ నమస్కారమండి. నేను అబద్ధం చెప్పలేనండి. ఈ పుస్తకాల్లో నేను ఒక్కటి కూడా చదవలేదు. నేను మోశానంతే. చదివేది మా ఆవిడండి. లావు పుస్తకమైతే వారం అంతా వస్తది అంటది. అందుకని లావుది అడిగేవాణ్ణి. ఈ శాలువా ఆవిడకి ఇస్తానండి."

హాలంతా నవ్వులు, చప్పట్లు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఉన్నా, ఇరవై మందికి వండిన ఆ పెద్దకోడలు, ఆ చెప్పులు, ఆ కాఫీ అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఎంత చదువుకుని ఏం లాభం, నేనొట్టి మొద్దుని.

అందరూ టీలు తాగుతుంటే పక్కకు పిలిచి, "ఆవిణ్ణి తీసుకురాలేదేమండీ?" అని అడిగాను.

"రమ్మంటే రానందండీ. ఆ పేజీలో రాయడం కూడా మానేసింది. ఏమే అంటే, మేడంగారు సార్ అనుకుని అంత పెద్ద పెద్ద జవాబులు రాశారు, ఎనిమిదో క్లాసు చదివిన ఆడమనిషినని తెలిస్తే అట్టా రాయరు అంటది. నేను అట్టా ఏం ఉండదులే అన్నానండి."

ఆయన మంచితనం కొద్దీ అలా అన్నాడు గానీ, నాకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఎప్పుడో ఒక బుధవారం ఆయన, "ఇంట్లో ఆడవాళ్ళు చదివేది ఏదన్నా ఇవ్వండి" అని అడిగాడు. నేను బీరువా వైపైనా తిరగకుండా ఊరగాయల పుస్తకం ఒకటి, ముగ్గుల పుస్తకం ఒకటి తీసి ఇచ్చాను. మర్నాడే తిరిగి తెచ్చి, "ఇయ్యి వద్దన్నదండీ, లావుదే కావాలంట" అన్నాడు. ఆ రోజు ఆమె ఎవరని నేను అడగలేదు. ఆమె అనుకున్నది నిజమే. ఆమె అని తెలిసి ఉంటే పేజీడు జవాబు రాసేదాన్ని కాదు. రెండు ముక్కలు రాసి, చాలా సంతోషమమ్మా అనేదాన్ని.

మర్నాడు మధ్యాహ్నం సభ్యత్వ ఫారం ఒకటి సంచిలో పెట్టుకుని ఎరువుల కొట్టుకి వెళ్ళాను. కొట్టు వెనకే ఇల్లు. ఆయన నన్ను లోపలికి తీసుకెళ్ళి, "ఏమే, మేడంగారొచ్చారు" అని కేకేసి, బేరం వచ్చిందని వెళ్ళిపోయాడు. ఆమె వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. నా వయసే ఉంటుంది. మంచినీళ్ళిచ్చింది, కూర్చోమంది. ఇరవై ఉత్తరాలు రాసుకున్న మనుషులం, పెళ్ళివారింట్లో పరిచయం లేని బంధువుల్లా నేల చూపులు చూస్తూ ఉండిపోయాం.

ఆఖరిసారి నేను ఎంచి పంపిన లావు పుస్తకం బల్ల మీద ఉంది. లోపల ఒక పేజీకి గుర్తుగా పిన్నీసు పెట్టి ఉంది. ఇదే చివరి అవకాశమని తెలుసు. ఆమె కూడా ఇప్పుడు "బానే ఉందండి" అంటే, ఇక ఏ పుస్తకమైనా ఎప్పటికీ బానే ఉంటుంది.

"అది చదివారాండీ?" అన్నాను.

"చదివానండి."

"ఎలా ఉంది?"

ఆమె నా మొహంలోకి చూసింది. పమిట చెంగు సరిచేసుకుంది. మెల్లిగా వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చుంది.

"ఏమనుకోకండేం. నాకు అస్సలు నచ్చలేదు. మీరేమో గొప్ప పుస్తకమని రాశారు. ఆ పిల్ల మూడొందల పేజీలు ఏడుస్తానే ఉంటది, ఒక్కసారన్నా ఎవరినన్నా ఎదురు అడగదు. మీరు చదువుకున్నవారు, మీకు అదెట్టా నచ్చిందండీ?"

నేను ఆ పుస్తకాన్ని కాపాడటానికి శాయశక్తులా ప్రయత్నించాను. రచయిత కాలం వేరన్నాను. ఆమె ఒప్పుకోలేదు. అప్పటి ఆడవాళ్ళకి నోళ్ళు లేవా, మా నాయనమ్మని చూడలేదు మీరు, అంది. నేను గొంతు పెంచాను, తనూ పెంచింది. కొట్లోంచి ఆయన కంగారుగా తొంగిచూసి, మేం పోట్లాడుకుంటున్నది పుస్తకం గురించని అర్థమయ్యాక నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. టీలు రెండుసార్లు అయ్యాయి. ఫారం మీద తన పేరు తనే రాసింది. సంతకం చేస్తూ కూడా అరవయ్యో పేజీ గురించి వాదిస్తూనే ఉంది.

ఉద్యోగంలో చేరాక నా ఎంపిక తప్పని నా మొహం మీద చెప్పిన మొదటి మనిషి ఆమె. ఐదింటి బస్సు, ఐదున్నర బస్సు రెండూ వెళ్ళిపోయాయి. నేను లేవలేదు.