వారానికి రెండుసార్లు, బఠాణీ గింజంత

మొహానికి ముడతలు రాకుండా పూసుకునే క్రీము ఏ వయసులో మొదలుపెట్టాలో నాకు ముప్పై ఎనిమిదో ఏట తెలిసింది. పాతికేళ్లకట! ఆ మాట చెప్పింది గుడివాడలో ఫ్యాన్సీ షాపు కౌంటర్ వెనక నిలబడ్డ అమ్మాయి. ఆ అమ్మాయికే ఇంకా పాతికేళ్లు నిండి ఉండవు.

నేను బంటుమిల్లి దగ్గర రొయ్యల చెరువులు చేస్తాను. పొద్దున్నే మేత చల్లడానికి గట్టెక్కానంటే మధ్యాహ్నం దాకా ఎండలోనే. ఎండ పైనుంచి ఒకటి కొడుతుంది, నీళ్లమీద పడి లేచి కిందనుంచి ఇంకోటి కొడుతుంది. తువ్వాలు చుట్టుకుంటే నెత్తి దాగుతుందిగానీ మొహం ఎక్కడ దాగుతుంది? ఏళ్ల తరబడి అలా కాలి కాలి నా కళ్ల పక్కన గీతలు ఎండబెట్టిన చెరువు అడుగులా తయారయ్యాయి. నాకేం బాధ లేదు. రొయ్యలకి నా మొహంతో పనేముంది? బాధంతా మా అక్కకి.

అమ్మా నాన్నా పోయాక నా పెళ్లి అక్క నెత్తిన పడింది. గుడివాడలో కాపురం, ఇద్దరు పిల్లలు, అవన్నీ చూసుకుంటూనే రోజుకొకరికి నా ఫోటో పంపించేది. ఒకరోజు సంబంధాలు చూసే పెద్దమనిషి ఆమెకి ఫోన్ చేసి మొహమాటం లేకుండా అనేశాడట, "ఏమీ అనుకోకమ్మా, ఫోటో చూసినవాళ్లంతా ఇది అబ్బాయికి రెండో పెళ్లా అని అడుగుతున్నారు" అని. అక్క ఆ సాయంత్రమే నన్ను గుడివాడ రమ్మని కబురు పెట్టింది. వెళ్తే అన్నం కూడా పెట్టకుండా ఫ్యాన్సీ షాపుకి తీసుకెళ్లింది.

"ఎవరికండీ?" అంది షాపులో అమ్మాయి.

"మా తమ్ముడికేనమ్మా. త్వరలో పెళ్లిచూపులున్నాయి" అంది అక్క, షాపంతా వినపడేలా.

నేను గాజుల వైపు తిరిగి నిలబడ్డాను. ఆ అమ్మాయి నవ్వలేదు, అదొక్కటే నయం. నా వయసడిగి, బాగా ఆలోచించి, "యాంటీ ఏజింగ్ పాతికేళ్లకే మొదలుపెట్టాలండీ. ముడతలు పడ్డాక కాదు, పడకముందే. సర్లెండి, ఇప్పటికైనా మించిపోయిందేం లేదు" అంది. చిన్న ట్యూబు తీసి చేతిలో పెట్టి, "రాత్రిపూట మాత్రమేనండి. వారానికి రెండుసార్లు, బఠాణీ గింజంత. ఎక్కువైతే చర్మం లేచిపోద్ది. పగలు ఎండలోకి వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్ తప్పనిసరి" అని అప్పచెప్పింది.

పాతికేళ్లప్పుడు నేనేం చేస్తున్నానో దారంతా ఆలోచించుకుంటూ ఇంటికొచ్చాను. అప్పుడే మొదటి చెరువు తవ్వించాను. సంబంధాలు వాటంతట అవే వచ్చేవి. ఒకమ్మాయి పొట్టి అన్నాం, ఒకమ్మాయి ఊరికి సరైన రోడ్డు లేదన్నాం. నందివాడ నుంచి వచ్చిన సంబంధం ఎందుకు వద్దన్నామో నాకిప్పటికీ గుర్తులేదు. ఎప్పుడో ఒకప్పుడు అవుతుందిలే అనుకున్నాను. ఆ అనుకోవడంలోనే పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది.

ఈసారి చూడబోయే అమ్మాయిది అవనిగడ్డ. బందరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. వయసు ముప్పై అయిదు. ఫోటోలో నవ్వడం లేదు, అలాగని మొహం ముడుచుకునీ లేదు. ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టుంది. ఆ ఫోటో నాకు నచ్చింది. ఎంత నచ్చిందంటే, చెరువు గట్టున నిలబడి ఫోన్ తీసి చూసుకుంటూ మేత చల్లడం మర్చిపోయేవాణ్ణి. ఇన్నేళ్లలో ఒక సంబంధం కుదరాలని నేను మనసారా కోరుకోవడం అదే మొదటిసారి.

అక్కడే కొంప మునిగింది. రొయ్య ఎదగకపోతే మేమేం చేస్తాం? మందు డోసు పెంచుతాం. రొయ్యలు పట్టి అమ్మే రోజు దగ్గరపడే కొద్దీ కంగారులో ఇంకాస్త పెంచుతాం. డబ్బా మీద ఏం రాసుందో చదివేదెవడు? అదే బుద్ధి మొహం మీదా చూపించాను. వారానికి రెండుసార్లన్నది రోజూ రాశాను. బఠాణీ గింజంత అన్నది ఉసిరికాయంత చేశాను. పెళ్లిచూపులు ఇంకో వారంలో ఉన్నాయనగా పొద్దున కూడా రాసుకుని గట్టెక్కేశాను. సన్‌స్క్రీనంటారా, చెమటకి కారి కళ్లు మండిస్తోందని రెండో రోజే దాన్ని మోటారు షెడ్డులో పడేశాను.

ఫలితం మీరు ఊహించుకోవచ్చు. ముందు మండింది. తర్వాత ఎర్రబడింది. ఆ తర్వాత ముక్కు పక్కనా గడ్డం మీదా చర్మం ఉల్లిపొరలా లేవడం మొదలైంది. పెళ్లిచూపుల రోజు పొద్దున నన్ను చూసి అక్క గుమ్మంలోనే కూలబడింది.

"ఒరేయ్, ఇదేం మొహంరా నాయనా! ఏం చేశావురా?"

బావ వెనకనుంచి తొంగి చూసి, "పర్లేదులేవే, ఉడకబెట్టిన రొయ్య రంగొచ్చింది. చేసే వ్యాపారం ఏంటో చెప్పక్కర్లేదు" అన్నాడు. అక్క ఆయన్ని తిట్టి, నాకు కొబ్బరినూనె పట్టించి, జిడ్డు కనపడకుండా పైన పౌడరద్ది కారెక్కించింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బందరు దాకా అద్దంలోకి చూడకుండా కూర్చున్నాను.

పెళ్లిచూపులు ఆ అమ్మాయి అద్దెకుంటున్న ఇంట్లోనే. అవనిగడ్డ నుంచి వాళ్ల అమ్మా నాన్నా వచ్చారు. బందరు లడ్డూ పెట్టారు, కాఫీ ఇచ్చారు. నా మొహం వంక అందరూ ఒకసారి చూసి, మర్యాదగా గోడవంక చూశారు. కాసేపటికి అమ్మాయి తండ్రి, "డాబా మీదికెళ్లి మాట్లాడుకోండి" అని మా ఇద్దర్నీ పంపించారు.

డాబా మీద గాలి బాగుంది. ముందు ఆమే అడిగింది.

"రొయ్యలు నిద్రపోతాయాండీ?"

ఇన్నాళ్ల పెళ్లిచూపుల్లో ఎవరూ అడగని ప్రశ్న. ఎకరాలెన్ని, టన్నులెన్ని అనే అడిగేవాళ్లు.

"రాత్రిళ్లే ఎక్కువ తిరుగుతాయండీ. నిద్ర లేనిది మాకే" అన్నాను.

ఆమె చిన్నగా నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకాస్త దగ్గరగా వచ్చి పిట్టగోడకి ఆనుకుని, నా మొహం వంక చూసి, "మొహానికేమైందండీ?" అంది. ఎగతాళిగా కాదు. ఆప్యాయంగానే అడిగింది.

ముడతల క్రీము అని ఎలా చెప్పను? గట్టుమీద పనిచేసే మగాణ్ణి, మీ కోసం మొహానికి క్రీములు రాసుకుని కాల్చుకున్నానని చెప్పడానికి నోరెలా వస్తుంది?

"చెరువులో బ్లీచింగ్ పౌడర్ చల్లుతుంటే గాలికి ఎగిరి పడిందండీ" అన్నాను.

"అంతేనా?"

"అంతేనండీ."

ఆమె వెంటనే చూపు తిప్పుకోలేదు. ఇంకా ఏదో వస్తుందన్నట్టు ఆగింది. అప్పుడు చూశాను. ఆమె ముక్కు పక్కన, పౌడరు కింద, అచ్చం నాలాగే సన్నగా పొర లేచి ఉంది. గడ్డం మీద అదే ఎరుపు. నేను చూడటం గమనించి చెయ్యి అక్కడికి పోనిచ్చి, "నాకు బందరు నీళ్లు పడవండీ. చర్మం ఇలా లేస్తుంది" అంది.

పదేళ్లుగా బందరులోనే పాఠాలు చెబుతున్న మనిషికి ఆ నీళ్లు ఇప్పుడే పడకుండా పోయాయా! నాకు అర్థమైంది. ఆమె కూడా ఏదో షాపులో నిలబడి, పాతికేళ్లకే మొదలుపెట్టాల్సిందండీ అనిపించుకుని ఉంటుంది. ఆమె కూడా కంగారులో ఎక్కువ రాసేసి ఉంటుంది, నా కోసం. "మీరూ ఆ క్రీమేనా?" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆడపిల్లని అలా అడిగితే ఏమనుకుంటుందోనని మింగేశాను. "అవునండీ, ఇక్కడి నీళ్లు అంతే" అన్నాను. ఆమె తలూపింది. తర్వాత ఇద్దరం ఎదురింటి వాటర్ ట్యాంకు వంక చూస్తూ నిలబడ్డాం. కింద నుంచి పిలిచారు.

వారం తిరక్కుండా జాతకాలు కుదరలేదని కబురొచ్చింది. జాతకాలు ముందే చూసుకుని కదా పెళ్లిచూపులకి వెళ్లాం! అక్క నా మొహాన్నీ క్రీమునీ షాపు అమ్మాయినీ కలిపి తిట్టింది. కాలిన మొహం చూసి వద్దని ఉంటుందిలే అని నేనూ అనుకున్నాను. ఒకసారి ఫోన్ చేద్దామనుకున్నాను. సంబంధం చూసిన పెద్దమనిషిని అడిగితే నంబరిచ్చేవాడు. అడగలేదు. అడిగితే పోయేదేముందో ఇప్పటికీ నాకర్థం కాదు.

ఆమెకి తర్వాతి ఏడాది పెళ్లయిందని విన్నాను. నాకు కాలేదు. కొన్నాళ్లు సంబంధాలు వస్తూ ఉండేవి, తర్వాత తగ్గాయి, ఆ తర్వాత అక్క ఫోన్లో ఆ ఊసెత్తడం మానేసింది.

మొన్న వేసవిలో మేత కంపెనీ డీలరు కూతురి పెళ్లికని అవనిగడ్డ వెళ్లాను. భోజనాల దగ్గర ప్లేటు పట్టుకుని వరసలో నిలబడితే వెనక నుంచి వినపడింది.

"బ్లీచింగ్ పౌడర్ చల్లడం మానేశారాండీ?"

తిరిగి చూస్తే ఆమె. కాస్త ఒళ్లు చేసింది. కళ్ల పక్కన గీతలొచ్చాయి, వాటిని దాచే ప్రయత్నమేదీ కనపడలేదు. చంకలో చిన్నపాప. ఈసారి నోరు మూసుకోలేదు.

"అది బ్లీచింగ్ పౌడర్ కాదండీ."

"తెలుసండీ. నాదీ బందరు నీళ్లు కాదు."

"వారానికి రెండుసార్లు రాయమంటే రోజూ రాశానండీ. చివర్లో రెండుపూటలా. చెరువుకి మందు కొట్టినట్టు కొట్టాను."

ఆమె పెద్దగా నవ్వింది. చుట్టుపక్కల వాళ్లు తిరిగి చూసేంత నవ్వు. చంకలో పాప కూడా తల్లిని చూసి నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "ఈ మాట ఆ రోజు డాబా మీద చెప్పకపోయారా?" అంది.

"సిగ్గేసిందండీ."

"నాకు మాత్రం వెయ్యదా? మిమ్మల్ని చూడగానే తెలిసిపోయింది. హమ్మయ్య, నాలాంటి మనిషే దొరికాడనుకున్నా. మీరు చెబితే నేనూ చెప్పేసి, ఇద్దరం నవ్వుకుందామని ఎదురుచూశాను. మీరేమో అంతేనండీ అన్నారు." పాపని ఇటు చంకనుంచి అటు చంకకి మార్చుకుంది. "అప్పుడు భయమేసిందండీ. ఈయన దగ్గర రోజూ ఇలా దాచుకుంటూ బతకాలేమో అని. అందుకే వద్దన్నాను. మీ మొహం చూసి కాదు."

నేనేదో అనేలోపు దూరం నుంచి ఎవరో ఆమెని పిలిచారు. నెరిసిన తల, నల్లటి మనిషి, చేతిలో రెండు ఐస్‌క్రీములు. "మావారు" అంది. "మొదటిసారి చూడ్డానికొచ్చినప్పుడు ఆయనే చెప్పేశాడు, తలకి రంగేసుకొచ్చానండీ అని." మళ్లీ నవ్వుతూ ఆయన దగ్గరికి వెళ్లిపోయింది.

నేను భోజనం చెయ్యకుండానే ప్లేటు పక్కన పెట్టేసి బయల్దేరాను. పులిగడ్డ దాటాక బండి ఆపి కాసేపు కాలవ పక్కన నిలబడ్డాను. ఏడుపొచ్చింది. చూసేవాళ్లెవరూ లేరు కాబట్టి ఏడ్చాను కూడా.

ఆ నవ్వు విన్నాను కదా, అది చాలనుకుందామంటే మనసు ఒప్పుకోవడం లేదు. నాకోసం ఆమె ఆ డాబా మీద దాచి ఉంచిన నవ్వది. ఇప్పుడు వాళ్లింట్లో రోజూ వినపడుతూ ఉంటుంది. మా ఇంట్లో చెరువు మీది మోటార్ల చప్పుడు తప్ప ఏమీ వినపడదు.