కారు మాకు, పానాలు పెదనాన్నకి

మా చిన్నప్పుడు, అరవై ఏడో ఎనిమిదో సరిగ్గా గుర్తులేదు... మా పెరట్లో అడ్డంగా ఒక గోడ లేచింది. నాన్నా, పెదనాన్నా వాటాలు పంచుకున్నారు.

సాలూరు దగ్గర పల్లె మాది. చింతపండు వ్యాపారం. తాతయ్య ఎవరో దొర దగ్గర కొన్న పాత నల్ల సీమకారు ఒకటి ఉండేది. పంపకాల్లో కారు నాన్నకి వచ్చింది, నడిపేది ఆయన గనక. పనిముట్ల పెట్టె పెదనాన్నకి వెళ్లింది, ఆదివారాలు కారు కింద దూరి బాగుచేసేది ఆయన గనక. పెద్దమనుషులకి అదే న్యాయంగా తోచింది మరి...

ఆ రోజే ఏదో మాటా మాటా పెరిగిందట. ఏమిటో పిల్లలకి ఎవరూ చెప్పలేదు. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. గోడకి ఇవతల పనిముట్లు లేని కారు... అవతల కారు లేని పనిముట్లు.

ఇంతలో పెదనాన్న కూతురు సరోజప్పకి విజయనగరంలో కాలేజీ సీటు వచ్చింది. మా వంశంలో కాలేజీ మెట్లెక్కబోయే మొదటి ఆడపిల్ల! అప్ప పలక పట్టిన రోజుల్లోనే నాన్న మాటిచ్చాడు, కాలేజీకి కార్లో దింపుతానని. ఇప్పుడు సోమవారం బస్సులో పంపుతున్నారని తెలిసి ఆయనకి అన్నం సహించలేదు.

"ఆయన మాటాడకపోతే మానీ. గుంటని నానే దింపుతాను" అన్నాడు అమ్మతో.

తీరా కారు బయటికి తీస్తే బ్రేకు పెడలు నేలకి దిగిపోయింది. కారు నెమ్మదిగా వెళ్లి గడ్డికుప్పలో తల దూర్చి ఆగింది! చక్రం దగ్గర బ్రేకు గొట్టం పగిలి ఆయిలంతా కారిపోయింది.

మర్నాడు నాన్న నన్ను వెంటపెట్టుకుని సాలూరు వెళ్లాడు. లారీల ఊరు కదా, సామాన్ల కొట్లు వరసగా ఉండేవి. కొట్టాయన గొట్టం, ఆయిలు డబ్బా ఇచ్చి, "సీమకారంటున్నారు... అయితే ఈ అంగుళాల పానాలే అట్టుకెల్లండి బాబూ" అంటూ నల్లగా ఉన్నవేవో చూపించాడు.

నాన్న జన్మలో పానా కొన్న మనిషి కాదు. ఆ సంగతి బయటపడకూడదని గొంతు పెంచి, "ఆ నల్లటివి నాకేటికి? ఆ మెరిసేవి ఇయ్యి" అన్నాడు. అవి మిల్లీమీటర్ల పానాలు. అప్పుడప్పుడే వస్తున్న కొత్త లెక్క.

ఇంటికొచ్చి నట్టుకి తగిలించి తిప్పాడు... టంగ్ మని జారింది. మళ్లీ తిప్పాడు... మళ్లీ టంగ్. నట్టు మూలలు అరిగిపోతున్నాయి. అమ్మ వద్దంటున్నా వినడే!

ఈ తిప్పలు సరోజప్ప కోసమేనని గోడ అవతల పెదనాన్నకి అప్పటికే తెలుసు. ఇప్పుడీ చప్పుడూ చెవిన పడింది. కాసేపు ఓర్చుకున్నాడు. ఇక వల్లకాక గోడ మీంచి నన్ను కేకేశాడు.

"ఒసే గుంటా! మీ నాన్నకి సెప్పు! దానికి అంగుళాల పానా కావాల. అలగ తిప్పితే నట్టు సచ్చిపోద్ది!"

నాన్న విన్నాడు. అయినా నా వైపే చూసి, "ఆ పానా ఆయన పెట్టెలోనే ఉన్నాదని సెప్పు" అన్నాడు.

కాసేపటికి పెదనాన్న పెట్టె భుజానేసుకుని, వీధి చుట్టూ తిరిగి మా గుమ్మంలోకి వచ్చాడు. అమ్మ "రండి బావగారూ" అని మంచినీళ్లిచ్చింది. తాగి, ఎవరి మొహమూ చూడకుండా గోనెసంచి పరుచుకుని కారు కిందికి దూరాడు.

కొత్త గొట్టం బిగిసింది. కానీ లోపల గాలి చేరితే బ్రేకు పట్టదు. ఆ గాలి తీయడం ఇద్దరి పని. పైనున్నవాళ్లు పెడలు తొక్కి ఉంచాలి. కిందివాళ్లు చక్రం దగ్గర చిన్న మర వదులు చేస్తే ఆయిలుతో పాటు గాలి బుడగలు కింద పెట్టిన సీసాలోకి పోతాయి. మర బిగించేదాకా పైవాళ్లు కాలు తీయకూడదు. తీశారో, గాలి మళ్లీ లోపలికే.

పైన నాన్న. కింద పెదనాన్న. మధ్యలో నేను...

"తొక్కమను."

"నాన్నా, తొక్కమంటున్నాడు."

"తొక్కానని సెప్పు."

"పెదనాన్నా, తొక్కాడంట."

నా కబురు అటూ ఇటూ నడిచేలోపే నాన్న తొందరపడి కాలు తీసేసేవాడు. గాలి మళ్లీ లోపలికి. మళ్లీ మొదటికి. చివరికి కారు కింద నుంచి పెద్ద కేక...

"ఒరే సిన్నోడా! నాను సెప్పేదాకా కాలు తియ్యకురా! ఆడపిల్లని ఎక్కించుకెల్తన్నావు, బ్రేకంటే ఆటనుకున్నావేటి?"

నాన్న స్టీరింగు గట్టిగా పట్టుకుని, కాలు మళ్లీ పెడలు మీద పెట్టాడు. తర్వాత మెల్లగా, "తియ్యనన్నియ్యా... నువ్వు సెప్పు" అన్నాడు.

"తొక్కు."

"తొక్కాను."

"ఇంక కాలు ఒగ్గీ."

"ఒగ్గీసాను."

నా ఉద్యోగం పోయింది! అమ్మ పమిట చెంగుతో కళ్లొత్తుకుంది. గోడ మీంచి సరోజప్ప తొంగి చూస్తోంది. నాలుగు చక్రాలూ అయిపోయాయి, పెడలు రాయిలా గట్టిపడింది... అయినా పెదనాన్న "ఓపాలి మళ్లీ తొక్కు" అంటూనే ఉన్నాడు, నాన్న "తొక్కానన్నియ్యా" అంటూనే ఉన్నాడు.

సోమవారం ముందు సీట్లో అన్నదమ్ములు, వెనక ట్రంకుపెట్టెతో అప్పా నేనూ. కాలేజీ గేటు దగ్గర కారు ఎంత మెత్తగా ఆగిందో! అప్ప దిగి, ఇద్దరి కాళ్లకీ దణ్ణం పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి నడిచింది.

ఆ తర్వాత ఇద్దరూ కలిసే సాలూరు వెళ్లి నాన్నకి సరైన పానాలు తెచ్చారు. "మెరుపు సూడకురా, నోరు సూడు. నట్టుని ఎలగ కరుస్తాదో అది సూడు" అని పెదనాన్న నేర్పాడు. మెరిసే సెట్టు మాత్రం తిరిగి ఇవ్వనివ్వలేదు. "ఉండనీ, రేపు మన దేశం కార్లన్నీ ఈ లెక్కకే వస్తాయి" అన్నాడు. ఆ ఏడే గోడకి ఒక తలుపు పెట్టించారు.

ఇప్పుడు కారుకి ఏమొచ్చినా షెడ్డుకి ఫోన్ చేస్తే చాలు, వాళ్లే తీసుకెళ్లి, వాళ్లే తెచ్చి నిలబెడతారు. సుఖమే, కాదనను. కానీ ఆదివారం పూట మన ఇళ్లలో ఒకరు "తొక్కు" అంటే ఒకరు "తొక్కాను" అనే పనులేవీ మిగల్లేదు...

ఇద్దరుంటే గాని కాని పని మీ ఇంట్లో ఏముండేది? రెండో మనిషి ఎవరు? చెప్పండి, వినాలని ఉంది...