మా అమ్మ మార్చిన మూడు కెపాసిటర్లు

మా చిన్నప్పుడు టీవీ మొరాయిస్తే ముందు దాని నెత్తిన ఒక్కటిచ్చేవాళ్ళం... మాట వినకపోతే ఇంకోటి. కానీ ఆ బుధవారం మా డబ్బా టీవీ ఎన్ని దెబ్బలు తిన్నా ఉలకలేదు, పలకలేదు. ఎర్ర లైటు వెలుగుతుంది, లోపల టిక్ టిక్‌మంటుంది... అంతే. బొమ్మ రాదు.

పాడవ్వడానికి దానికి ఆ వారమే దొరికింది!

మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. అమ్మ లేసు అల్లేది. అంతకు పది రోజుల ముందే టీవీ వాళ్ళు వచ్చి, లేసు పని మీద కార్యక్రమం అంటూ అమ్మని మా అరుగు మీద కూర్చోబెట్టి షూటింగ్ చేసుకెళ్ళారు. ఆదివారం పొద్దున్న వేస్తామన్నారు. తనతో లేసు అల్లే ఆడవాళ్ళందర్నీ అమ్మ మా ఇంటికి పిలిచేసింది. నేనైతే ఏడో తరగతి మొత్తానికీ డప్పు కొట్టేశాను.

మెకానిక్ గారొచ్చి వెనక మూత విప్పారు. "ఇదిగోండి, చిన్న గొట్టాల్లా ఉన్న ఈ మూడు కెపాసిటర్లు ఉబ్బిపోయాయి. పాత సెట్టు కదండీ, మార్చినా నమ్మకం లేదు" అన్నారు.

"మార్చి చూడండి అన్నయ్యగారూ..."

"రేపు ఊరెళ్తున్నానండి. మంగళవారం చూద్దాం. మీరు మాత్రం దీని జోలికెళ్ళకండమ్మా, ప్లగ్గు పీకేసినా లోపల కరెంటు నిలవుంటది."

మంగళవారమట! ఆదివారం దాటిపోయాక మంగళవారం ఎవడిక్కావాలి?

"పోనీ పక్కింట్లో చూద్దామమ్మా" అన్నాను. అమ్మ కళ్ళెర్రజేసింది. "నన్ను నేను చూసుకోడానికి ఇంకొకళ్ళ గుమ్మంలో నిలబడాలేంటే? పిలిచినోళ్ళకి ఏం చెప్పను?"

మా అమ్మ పట్టు పట్టిందంటే ఇక అంతే. చదివింది ఐదో తరగతే గానీ, ఏ లేసు డిజైనైనా ఒక్కసారి చూస్తే కాగితం మీద గీసుకుని, కుట్టు పొల్లుపోకుండా అల్లేసేది. టీవీనీ అలాగే పట్టుకుంది. ప్లగ్గు పీకి ఒకరోజంతా ముట్టుకోలేదు. శుక్రవారం మధ్యాహ్నం బోర్డు బయటికి తీసి, ఒళ్ళో బోర్లా పెట్టుకుని, నా పాత లెక్కల పుస్తకం వెనక పేజీలో అడుగున ఉన్న టాంకం చుక్కలన్నీ గీసుకుంది. కెపాసిటర్‌కి ఒక పక్క తెల్లగీత ఉంటుంది. ఆ గీత ఎటువైపు ఉండాలో కూడా గుర్తు పెట్టుకుంది. మైకుసెట్టు షాపులో టాంకం వేసే సోల్డరింగ్ ఐరన్ అడిగి తెచ్చి ఆ మూడూ ఊడదీసింది. వాటిని కొంగున ముడేసుకుని, నన్ను వెంటబెట్టుకుని నరసాపురం బస్సెక్కింది.

"గీత తారుమారైతే పేలిపోద్దండి. ఎవరు బిగిస్తారు?" అని అడిగాడు కొత్తవి మూడూ ఇస్తూ అక్కడి షాపాయన.

"మా ఇంట్లో మెకానిక్ ఉన్నార్లెండి" అంది అమ్మ, కొంగు సర్దుకుంటూ. నాకు నవ్వాగలేదు.

శనివారం పొద్దున్నే బిగించింది. బొటనవేలు చుర్రుమని కాలినా ఉఫ్ మని ఊదుకుని మళ్ళీ మొదలెట్టింది. కాగితం చూసుకుంటూ మూడూ పెట్టేసి, "దూరంగా ఉండవే" అని స్విచ్ వేసింది.

ఢాం! తెల్లటి పొగ... ముక్కు పగిలే కంపు. అమ్మ గబుక్కున ప్లగ్గు పీకేసింది. నేను "అయిపోయింది, మన బతుకు అయిపోయింది" అని గుండెలు బాదుకున్నాను. నా బాధంతా సోమవారం బడికి ఎలా వెళ్ళాలా అని!

అమ్మ కాగితం తెచ్చి బోర్డు పక్కన పెట్టుకుంది. చాలాసేపు కాగితాన్నీ బోర్డునీ మార్చి మార్చి చూసింది. తర్వాత బుట్టలోంచి లేసు ముక్క తీసి అటూ ఇటూ తిప్పింది.

"ఓసి నా బుద్ధి మండా! లేసు ఎటు తిప్పినా అదే డిజైనే. బోర్డు అలా కాదే... నేను గీసింది కిందనుంచి, బిగించింది పైనుంచి. గీతలన్నీ అటువి ఇటు వచ్చేశాయి."

మళ్ళీ బస్సు, మళ్ళీ అదే షాపు. "మీ మెకానిక్ గారేమన్నారండి?" అన్నాడాయన. "కొత్తగా నేర్చుకుంటున్నారండి పాపం" అంది అమ్మ.

సాయంత్రం ఆ కాగితాన్ని కిటికీకి ఆనించి, వెనకవైపు నుంచి చూస్తూ బిగించింది. నేను చెవులు మూసుకున్నాను. టిక్... ఇంకో టిక్... బొమ్మ వచ్చేసింది! ఎవరో వరి తెగుళ్ళ గురించి చెబుతున్నారు. అంత అందమైన కార్యక్రమం నా జీవితంలో ఇంకోటి చూడలేదు.

ఆదివారం ఇల్లు నిండిపోయింది. కార్యక్రమం మొదలైంది... అమ్మ కనిపించింది. అంటే, అమ్మ చేతులు. సూది, దారం, చకచకా కదిలే వేళ్ళు... అంతే. మొహం చూపించలేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. "ఇంత చేస్తే మొహమే చూపించలేదేంటమ్మా!"

అమ్మ మాత్రం తన బొటనవేలి మీద బొబ్బని చూసుకుంటూ నవ్వింది. "చేతులు చూపించారుగా. చేసింది అవేగా."

ఆ మాట అప్పుడు నాకు అస్సలు నచ్చలేదు. సోమవారం బళ్ళో "మీ అమ్మ కనపడలేదుగా" అని ఏడిపించబోతే మాత్రం, "మీ ఇంట్లో టీవీ మీ అమ్మే బాగుచేసిందా?" అన్నాను.

మొన్న మా ఇంట్లో గోడకున్న టీవీ ఆగిపోయింది. రిపేరుకి వచ్చినతను గుమ్మంలోంచే చూసి, "ప్యానెల్ పోయింది మేడం, కొత్తది కొనుక్కోండి" అని చక్కా పోయాడు. నేనూ సరేనని ఫోనులో కొత్త టీవీలు చూస్తూ కూర్చున్నాను. ఎంత మారిపోయాం...

అమ్మ కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చింది. "వెనక మూతైనా తియ్యకుండా ఎలా చెప్పేశాడే?"

సిగ్గేసింది. ఫోను పక్కన పడేసి స్క్రూడ్రైవర్ వెతకడానికి లేచాను. ప్లగ్గు పీకి రెండు రోజులైంది... రేపు విప్పుతున్నాం. కాగితం మీద గీసేది ఈసారి నేనట, పైనుంచి!

మీ ఇళ్ళల్లోనూ ఇలా "పనికిరాదు" అన్న వస్తువుని పట్టుబట్టి బతికించిన చేతులు ఉండే ఉంటాయి... ఎవరివో చెప్పండి. అమ్మకి చదివి వినిపిస్తాను.